నరాలు ఉబ్బాయి, ఇంట్లో ఏం చేయాలి?

ప్రశ్న: మాది నల్లగొండ. నాకు 44 ఏళ్లు. మా ఆయనతో కలిసి టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. తెల్లారి 5 గంటల నుంచి మధ్యాహ్నం దాకా దోసె పెనం ముందు నిలబడే ఉంటాను. రెండో కాన్పు తర్వాత ఎడమ పిక్క మీద నీలం నరాలు తేలాయి. ఇప్పుడు మెలికలు తిరిగి ఉబ్బాయి. సాయంత్రానికి కాలు గుంజుతుంది, పాదం వాస్తుంది. వెల్లుల్లి నూరి కట్టమని ఒకరు, వేడి నూనెతో గట్టిగా మర్దన చేయమని ఒకరు అంటున్నారు. ఆపరేషన్ అంటే భయం. ఇంట్లోనే తగ్గే దారి ఉందా?

జవాబు: అమ్మా, ముందు ఆ వెల్లుల్లి పక్కన పెట్టండి. నేను మిర్యాలగూడలో నర్సుగా చేసిన రోజుల్లో, పచ్చి వెల్లుల్లి కట్టుతో చర్మం బొబ్బలెక్కి వచ్చిన కాళ్లకు డ్రెస్సింగ్ చేశాను. ఉబ్బిన చోట గట్టి మర్దన కూడా వద్దు.

మనం నరాలంటాం గానీ ఇవి రక్తాన్ని గుండెకు తిరిగి మోసే సిరలు. రక్తం కిందికి జారకుండా లోపల చిన్న కవాటాలుంటాయి. అవి పాడైతే రక్తం కిందే నిలిచి నాళం ఉబ్బుతుంది. పైన ఏం రాసినా కవాటం బాగుపడదు. కానీ వాపు, గుంజుడు ఇంట్లోనే బాగా తగ్గించుకోవచ్చు.

పిక్క కండరం బిగిసినప్పుడల్లా రక్తాన్ని పైకి నెడుతుంది. ఒక్క దోసె కాలేలోపు మడమలెత్తి పదిసార్లు మునివేళ్ల మీద లేచి దిగండి. గిరాకీ తగ్గగానే చాప మీద పడుకుని, కాళ్లు గుండె కంటే ఎత్తులో ఉండేలా దిండ్లు పెట్టుకుని 15 నిమిషాలు ఉండండి. రోజుకు మూడు నాలుగుసార్లు చేయాలి. కుర్చీలో కూర్చుని స్టూల్ మీద కాళ్లు చాపితే చాలదు. ఉబ్బిన సిరల కోసమే తయారుచేసే బిగుతు మేజోళ్లు (కంప్రెషన్ స్టాకింగ్స్) పొద్దున మంచం దిగకముందే వేసుకోవాలి, రాత్రి తీసేయాలి. షుగర్ ఉంటే మాత్రం డాక్టర్ పాదంలో రక్తప్రసరణ చూశాకే. దురద పెడితే గోకకుండా కొబ్బరినూనె మెల్లగా రాయండి.

గోకవద్దని ఎందుకంటున్నానంటే, మా అమ్మ అలాగే ఒకసారి గోకింది. ఉబ్బిన నరం చిట్లి వాకిట్లో రక్తం చిమ్మింది. కంగారులో మా తమ్ముడు మోకాలి పైన తువ్వాలు బిగించాడు. రక్తం ఇంకా ఎక్కువైంది. నేను తువ్వాలు విప్పి, అమ్మను పడుకోబెట్టి, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టాక ఆగింది. మీ ఇంట్లో వాళ్లకు ఇది నేర్పి పెట్టండి.

మన జిల్లాలో కాళ్ల నొప్పి అనగానే నీళ్లలోని ఫ్లోరైడ్ అనేస్తారు. ఫ్లోరైడ్ ఎముకల్ని, కీళ్లను పట్టేస్తుంది గానీ నరాలను ఉబ్బించదు. అందుకే ఒకసారి డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూసే స్కాన్) చేయించుకోండి. నొప్పి ఉండదు. అవసరమైతే ఇప్పుడు లేజర్‌తోనే ఆ నాళాన్ని మూసేస్తున్నారు, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్తున్నారు. ఒక కాలు ఉన్నట్టుండి వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా మాత్రం వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఈ రాత్రే లైటు వెలుగులో చీలమండ లోపలివైపు చూసుకోండి. అక్కడ చర్మం నల్లబడి గట్టిపడితే తర్వాత వచ్చేది మానని పుండు. అలా కనిపిస్తే రేపు దోసె పెనం మీ ఆయనకు అప్పగించి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.