పేస్‌మేకర్ దగ్గర చీము.. మందులతో తగ్గదా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. షుగర్ ఉంది. తొమ్మిదేళ్ల కిందట పేస్‌మేకర్ పెట్టారు, ఏడు నెలల కిందట బ్యాటరీ మార్చారు. రెండు నెలలుగా దాని మీద చర్మం ఎర్రబడి పలచబడింది. ఒకచోట చిన్న పుండు లేచి చీము కారింది. యాంటీబయాటిక్స్ పది రోజులు వాడితే మానినట్టే మాని, ఆపగానే మళ్లీ మొదలైంది. జ్వరం లేదు. రక్తపరీక్షలన్నీ నార్మల్. అయినా పేస్‌మేకర్‌ను, గుండెలోని తీగలతో సహా తీసేయాలంటున్నారు. ఆయన గుండె పూర్తిగా పేస్‌మేకర్ మీదే నడుస్తోందట. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. గట్టి మందులతో తగ్గించే వీలు లేదా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ డాక్టర్లు చెప్పింది సరైన మాటే. మీ భయమూ అర్థమవుతోంది. గుండెను నడిపిస్తున్న పరికరాన్నే తీసేస్తామంటే ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు. కానీ ఇక్కడ ఎక్కువ ప్రమాదం తీసేయడంలో లేదు, ఆలస్యం చేయడంలోనే ఉంది.

మందు వాడినంత కాలం తగ్గి, ఆపగానే ఎందుకు తిరగబెడుతోందో చూద్దాం. ఇలాంటి ఇన్ఫెక్షన్లకు ఎక్కువగా కారణమయ్యేది స్టాఫిలోకాకస్ జాతి బ్యాక్టీరియా. మన చర్మం మీద మామూలుగా ఉండేవే. ఇవి లోహం మీద, తీగల పైతొడుగు మీద చేరి, తొట్టి గోడకు పట్టే పాచిలా జిగురు పొర కట్టుకుంటాయి. ఆ పొర అడుగున దాక్కున్న క్రిములను యాంటీబయాటిక్స్ పూర్తిగా చంపలేవు. చుట్టుపక్కల కండలో ఉన్నవి మాత్రమే చస్తాయి. అందుకే వాపు తగ్గినట్టు అనిపిస్తుంది. మందు మార్చినా, డోసు పెంచినా కథ మళ్లీ మొదటికే వస్తుంది.

బ్యాటరీ మార్చడమంటే నిజానికి చర్మం కింద ఉన్న పెట్టె మొత్తాన్ని మార్చి, పాత తీగలకే కొత్తది తగిలించడం. అప్పటికే ఆ చోటంతా మచ్చకట్టి, రక్తప్రసరణ తగ్గి ఉంటుంది. అందువల్ల మొదటిసారి కంటే మార్పిడి తర్వాతే ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువ. షుగర్, కిడ్నీ జబ్బు, ఆపరేషన్ తర్వాత లోపల రక్తం గడ్డకట్టడం ఆ ముప్పును ఇంకా పెంచుతాయి.

జ్వరం లేదు, రిపోర్టులు బాగున్నాయి కదా అని ఊరట పడకండి. ఇన్ఫెక్షన్ పాకెట్ (చర్మం కింద పెట్టె ఉండే సంచిలాంటి చోటు) వరకే ఉన్నప్పుడు చాలామందిలో తెల్లకణాలు, సీఆర్పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) మామూలుగానే ఉంటాయి. ఆపరేషన్ అయిన కొద్దిరోజుల్లో కుట్టు దగ్గర పైపైన వచ్చే ఎరుపు వేరు. అది మాత్రలతో తగ్గిపోవచ్చు. మీ నాన్నగారి విషయంలో చర్మం తెరుచుకుని చీము వచ్చింది. ఆ దారి లోపలి పెట్టె దాకా ఉంటే అది పాకెట్ ఇన్ఫెక్షనే, తీగలకూ అంటినట్టే లెక్క.

ఇప్పుడు అన్నిటికంటే ముందు చేయాల్సింది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో క్రిములు ఉన్నాయేమో పెంచి చూసే పరీక్ష. కొత్త యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే, వేర్వేరు చోట్ల నుంచి కనీసం రెండుసార్లు రక్తం తీయాలి. మందు పడ్డాక తీస్తే క్రిమి దొరకకపోవచ్చు. అప్పుడు ఏ మందు పనిచేస్తుందో తెలియక చీకట్లో రాయి విసిరినట్టే. ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లు, తేదీలు కాగితం మీద రాసి డాక్టర్‌కు ఇవ్వండి. తర్వాత గొంతు ద్వారా చేసే ఎకో అవసరం. తీగల మీద, కవాటాల మీద గడ్డలున్నాయా, ఉంటే ఎంత పెద్దవో అది చూపిస్తుంది. అందులో ఏమీ కనిపించకపోయినా తీగలు శుభ్రంగా ఉన్నాయని అర్థం కాదు. ఇన్ఫెక్షన్ ఎక్కడుందో చూపే పెట్ స్కాన్ అనుమానం తేలనప్పుడు పనికొస్తుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను: సూది గుచ్చి ఆ చీము లాగుతామంటే ఒప్పుకోవద్దు. బయటి క్రిములు లోపలికి పోతాయి.

తీగలు తీయడం తేలికైన పని అని చెప్పను. ఏడాది దాటిన తీగలు రక్తనాళానికి, గుండె గోడకు అతుక్కుపోతాయి. తీగ మీదుగా గొట్టంలాంటి తొడుగును జరుపుతూ, లేజర్‌తోనో, తిరిగే అంచుతోనో ఆ అతుకులను విడదీస్తారు. అనుభవం ఉన్న చోట తీవ్రమైన ఇబ్బంది వచ్చేది వందలో ఒకరిద్దరికే. కానీ వస్తే నిమిషాల్లో గుండె తెరవాల్సి రావచ్చు. కాబట్టి తీగలు తీయడం తరచూ చేసే డాక్టర్లు, పక్కనే సిద్ధంగా ఉండే గుండె సర్జన్ ఉన్న ఆసుపత్రినే ఎంచుకోండి. ఈ రెండూ మొహమాటపడకుండా అడగండి. పెట్టె మాత్రం తీసి తీగలు వదిలేస్తామంటే రెండో అభిప్రాయం తీసుకోండి. సగం పనితో ఇన్ఫెక్షన్ తిరగబెట్టడం మేం తరచూ చూసేదే.

ఇక మీ అసలు భయం. పరికరం తీసినంత మాత్రాన గుండెను అలా వదిలేయరు. మెడ దగ్గరి రక్తనాళం ద్వారా తాత్కాలిక తీగ వేసి, దాని కొసను గుండెలో స్క్రూలా బిగించి, పేస్‌మేకర్ పెట్టెను శరీరం బయటే చర్మానికి అతికిస్తారు. దానితో ఆయన మంచం దిగి వార్డులో నడవగలరు కూడా. తీసేశాక చేసిన బ్లడ్ కల్చర్లలో కనీసం 72 గంటలు క్రిమి కనిపించకపోతే, రెండోవైపు కొత్తది పెట్టే ఆలోచన చేస్తారు. కవాటానికి సోకి ఉంటే రెండు వారాలైనా ఆగాలి. తీగలే లేని చిన్న పేస్‌మేకర్ ఆయనకు సరిపోతుందేమో కూడా అడగండి.

యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, ఇన్ఫెక్షన్ పాకెట్ వరకే అయితే పరికరం తీశాక దాదాపు రెండు వారాలు, కవాటానికి పాకితే నాలుగు నుంచి ఆరు వారాలు పడతాయి. ఆ రోజుల్లో షుగర్ అదుపులో ఉంచడం మీ చేతిలో పని. రక్తం పలచబడే మందులు వాడుతుంటే సొంతంగా ఆపొద్దు.

అప్పటివరకు పుండును నొక్కకండి, పూతలు రాయకండి. శుభ్రమైన పొడి గాజుగుడ్డ కప్పి ఉంచండి. చలితో జ్వరం, ఆయాసం, కళ్లు తిరగడం, లోపలి లోహం బయటికి కనిపించడం, వీటిలో ఏది వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

కొత్తది పెట్టేటప్పుడు దాని చుట్టూ యాంటీబయాటిక్ పూసిన జాలీ సంచి వాడతారా అని అడగండి. బ్యాటరీ మార్పిడి వంటి, ముప్పు ఎక్కువున్న ఆపరేషన్లలో అది ఇన్ఫెక్షన్లను దాదాపు 40 శాతం తగ్గించిందని 2019లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. మీ నాన్నగారికి అది అవసరమా కాదా అన్నది ఆపరేషన్ చేసే డాక్టరే నిర్ణయించాలి.