సమాధానం: గైడ్ ‘విమర్శనాత్మక దృష్టి లేదు’ అన్నారంటే

తమ్ముడూ, ‘విమర్శనాత్మక దృష్టి లేదు’ అని గైడ్ గారు నీ ఎం.ఎడ్ సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) వెనక్కి పంపారని టెన్షన్ పడకు. నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో వయోజన విద్య మీద నువ్వు వేసుకున్న ప్రశ్న ‘ఎంతమందికి చదవడం, రాయడం వచ్చింది?’ అనే కదా. దానికి జవాబు ఒక అంకె, అంతే. గైడ్ గారు ఆగింది అక్కడే.

మీ మండలంలోనే దూబగుంట ఉంది కదయ్యా! అక్కడి ఆడవాళ్లు రాత్రి బడికి పోయి, సారా వల్ల చితికిన కాపురం గురించి వాచకంలో చదివారు. అది వాళ్ల కథే. దాంతో కదిలి ఊళ్లో సారా కొట్టు మూయించారు. 1992లో రాజుకున్న ఆ ఉద్యమం 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా పోయింది. పరీక్ష పెట్టి మార్కులేస్తే ఇందులో ఏదన్నా కనిపిస్తుందా?

ప్రశ్న ఇట్టా తిప్పు: ఆ పాఠంలో ఏముండాలో ఎవరు నిర్ణయించారు? చదువొచ్చాక ఇంట్లో ఎవరి మాట చెల్లింది? సారా వేలంపాటల మీద రాబడి తెచ్చుకున్నదీ, అక్షరాస్యత కేంద్రాలు నడిపిందీ ఒకే ప్రభుత్వం. ఈ ముడి విప్పాలంటే ఆర్థికశాస్త్రం, చరిత్ర, స్త్రీల అధ్యయనం మూడూ కావాల్సిందే. ఇంటర్‌డిసిప్లినరీ (పలు శాస్త్రాలు కలిపి చూడడం) అంటే అది. సబ్జెక్టుల పేర్లన్నీ ఒకే పేరాలో పేర్చడం కాదు (నేనూ మొదట ఆ పనే చేశాలే).

చదువంటే విద్యార్థి తలలో డిపాజిట్లు వేయడం కాదన్న బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రెయిరీని సిద్ధాంతం చాప్టర్‌లో ఇరికించి వదిలేయకు. దూబగుంట ఆడవాళ్లు చదివిన వాచకాన్ని పక్కనే ఉంచుకుని ఆయన్ని చదువు.

ప్రశ్నావళి కుదించి, అప్పట్లో పలక పట్టిన ఐదారుగురు అవ్వలతో కూర్చో. పొద్దున పనులుంటాయి, సాయంత్రం పో. రికార్డింగు మొదలెట్టే ముందే అనుమతి అడుగు.