పడవ తీసేసి మళ్ళీ రాయమ్మా

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన 'మా బెజవాడ' వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి పొద్దున కాఫీ తాగుతూ, రెండోసారి మధ్యాహ్నం పెన్సిలు పట్టుకుని. వాక్యం నీకు పట్టుబడింది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నా, తరవాతి ముక్కలు చదివి ఉత్తరం చింపెయ్యకుండా. పెదనాన్నగారూ అని రాశావు కాబట్టి ఆ చనువు కూడా తీసుకుంటున్నా.

బెంగళూరులో రాత్రి పదకొండింటికి కూచుని రాశానన్నావు. అదీ తెలుస్తూనే ఉంది. ఊరికి దూరంగా, ఖాళీ కడుపుతో రాస్తే తిండి ఎక్కువ పడుతుంది. గాంధీనగరం బాబాయ్ హోటల్ వెన్న ఇడ్లీ మూడుసార్లు వచ్చింది. ఒక్కసారి చాలు. నూజివీడు రసాలు అలాగే ఉంచు, చొక్కా మీద మరక పడ్డ చోటు బాగుంది.

ఇక అసలు సంగతికొస్తాను. మే నెల సెలవులు, బందరు కాలువ నిండా నీళ్ళు, ఆ నీళ్ళ మీద మెల్లగా పోయే పడవ, గట్టున తాడు లాగుతూ నడిచే మనుషులు. నీ వ్యాసంలో అందరూ మెచ్చుకునే పేరా అదే అవుతుంది. నేనూ మెచ్చుకునేవాణ్ణే, సరిగ్గా ఆ పడవనే 1973లో నా మొదటి కథలో వెయ్యకపోయి ఉంటే.

కథ ఒక వారపత్రికలో వచ్చింది. పది రోజులకి ఒక కార్డు ముక్క వచ్చింది. రాసినాయన బందరు కాలువ మీద చాలా ఏళ్ళు పడవ నడిపే సరంగుగా చేసిన మనిషి. ఎవరిచేతో రాయించి ఉంటాడు, అక్షరాలు బడిపిల్లవాడివిలా ఉన్నాయి. 'అయ్యా, కథ బాగుంది. ఎండాకాలం కాలువ కట్టేస్తారు గదా. మే నెలలో మీ పడవ దేనిమీద నడిచింది?' అంతే ఉంది అందులో.

ఆ రోజు అన్నం సయించలేదు. ఎండల్లో కాలువలు కట్టేసి, పూడిక తీసి, లాకులు బాగుచేసి, ఖరీఫ్ ముందు మళ్ళీ నీళ్ళు వదలడం కృష్ణా డెల్టాలో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. నేను కాలువ గట్టున పెరిగినవాణ్ణి. మే నెలలో ఆ కాలువ అడుగున మిగిలిన గుంటల్లో చేపలు పట్టి, మోకాళ్ళ దాకా బురదతో ఇంటికెళ్ళి అమ్మ చేత తిట్లు తిన్నవాణ్ణి. ఎండిన బురద పెచ్చులు పెచ్చులుగా లేస్తే కాలి కింద ఎలా చప్పుడు చేస్తుందో ఇప్పటికీ తెలుసు. అయినా కథ రాయడానికి కూచునేసరికి చెయ్యి ఆ బురద దగ్గరికి పోలేదు. ఎక్కడో చదివిన నిండు కాలువ దగ్గరికి పోయింది. అందంగా ఉంటుందని.

నాకైతే కనీసం పడవలు చూసిన కళ్ళున్నాయి. ఏలూరు లాకుల దగ్గర తలుపులు వేసి నీళ్ళ మట్టం సర్దేదాకా పడవవాళ్ళు బీడీ కాల్చుకుంటూ కూచోవడం చూశాను. నీకు పడవ ఎక్కడిదమ్మా? 1993లో పుట్టానన్నావు. లారీలొచ్చి సరుకు పడవలు అప్పటికే మూలపడ్డాయి. బొగ్గు ఇంజను కూత, రిక్షా తొక్కేవాడి చెమట, మారుతీ టాకీసులో నేల టికెట్టు, ఇదంతా మా తరం సరుకు. మా దగ్గర అరువు తెచ్చుకుని నీ పేరు రాసుకున్నావు. తప్పు నీ ఒక్కదానిదే అనను. ఎక్కడ కలిసినా 'ఆ రోజులే వేరు' అని మీ చెవులు కొరికి కొరికి, మీకంటూ రోజులే లేవన్న భ్రమ పుట్టించాం మేం.

నీ బెజవాడ వేరే ఉంది. నీ వ్యాసంలోనే, ఒక మూల దాక్కుని ఉంది. 'ఇంటరు రెండేళ్ళూ హాస్టల్లో గడిచాయి, వాటిని గుర్తు చేసుకోవాలని లేదు' అని ఒక్క ముక్కలో దాటేశావు. నా పెన్సిలు అక్కడే ఆగింది. రాష్ట్రం నలుమూలల నుంచి పెట్టెలూ బకెట్లూ పట్టుకుని పిల్లలు ఈ ఊరికి దిగేవాళ్ళు. తెల్లారకుండానే స్టడీ అవర్, వారానికో పరీక్ష, ఆదివారం గేటు దగ్గర టిఫిన్ క్యారియర్లతో అమ్మానాన్నలు, ఫలితాలొచ్చిన మర్నాడు పేపరు నిండా ర్యాంకుల ఫొటోలు. నీ వయసు వాళ్ళు లక్షలమందికి బెజవాడంటే అదే. దాని మీద ఇంకా ఎవరూ 'ఆ రోజులే వేరు' అని నిట్టూర్చలేదు. అందుకే అది నీ చేతికి పచ్చిగా దొరుకుతుంది. ఊళ్ళోనే ఇల్లుండి కూడా నిన్ను హాస్టల్లో ఎందుకు వేశారు? ఇల్లు ఎన్ని కిలోమీటర్లు? రాత్రి కిటికీలోంచి ఏం కనిపించేది? అవి రాయి.

2004 పుష్కరాలకి నీకు పదకొండేళ్ళు. ఒక పేరా రాశావు గానీ అందులో నది ఉంది, భక్తి ఉంది, నువ్వు లేవు. పన్నెండేళ్ళకోసారి వచ్చే పండగ కాబట్టి మనిషి వయసు దాంతో కొలుచుకోవచ్చు. 1980లో మా అమ్మని చెయ్యి పట్టుకుని దించాను, 1992లో ఆవిడ పేరున పిండం పెట్టాను. మీ ఇంట్లో కూడా 2004కీ 2016కీ మధ్య ఏదో జరిగే ఉంటుంది.

మీ ఇల్లు సత్యనారాయణపురం కదా. బీఆర్‌టీఎస్ రోడ్డున్న చోట ఒకప్పుడు గుడివాడ వెళ్ళే రైలు పట్టాలుండేవి. ఇళ్ళ మధ్యలోంచి రైలు పోయేది. మీ అమ్మని అడుగు, రైలొచ్చినప్పుడు వంటింట్లో ఏవి కదిలేవో. అడగడానికి ఫోను చాలు, ఊహించడానికి మాత్రం దిగకు.

పేర్ల గురించి ఒక మాట. మహాత్మాగాంధీ రోడ్డు, కార్ల్‌మార్క్స్ రోడ్డు అని రాశావు. బోర్డుల మీద ఉన్నమాట నిజమే. ఆటో ఎక్కి కార్ల్‌మార్క్స్ రోడ్డుకి పోనీ అని చెప్పి చూడు! బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు అనే రాయి. పుస్తకాల పండగ జరిగింది 'స్వరాజ్య మైదానం'లో అన్నావు. మాకది పీడబ్ల్యూడీ గ్రౌండ్. జనవరి ఒకటి వస్తే ఏడాదంతా దాచిన డబ్బులు పట్టుకుని అక్కడికి పరిగెత్తేవాళ్ళం. ఇప్పుడక్కడ 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఉంది, 2024 జనవరిలో ఆవిష్కరించారు. నువ్వు చదివే రోజుల్లో మీ ఇంట్లో ఆ చోటుని ఏమనేవాళ్ళో ఆ మాటే పడాలి.

నాకు కాస్త కోపం తెప్పించిన వాక్యం ఇంకొకటుంది: 'అప్పట్లో అందరూ ఒకే కుటుంబంలా ఉండేవారు.' ఇది కొట్టెయ్యి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. నాకు ఊహ తెలిసేసరికి కూడా మా వీధిలో రేడియో ఉన్నది రెండిళ్ళలోనే. తరవాతి రోజుల్లో ఆదివారం మధ్యాహ్నం రేడియోలో భారతం చెప్పే ఉషశ్రీ గారి గొంతు వినపడితే వీధి వీధంతా పనులు ఆపేసేది, నిజమే. అందరూ ఇదే రాస్తారు. కానీ ఎవరు ఎక్కడ కూచుని విన్నారు? కొందరు హాల్లో, మాలాంటివాళ్ళం అరుగు మీద. పాకీ పనికొచ్చే ఆవిడ రోడ్డు మీద, చెట్టు కింద. భారతం ఆవిడా విన్నది. ఒకే కుటుంబమైతే లోపలికి ఎవరూ రమ్మనలేదేం? నేను కూడా పిలవలేదు. నాకప్పుడది తోచనే లేదు, అదే నేను రాయాల్సిన కథ. ఇప్పటిదాకా రాయలేదు.

1988 డిసెంబరు ఆఖరున, వంగవీటి రంగా హత్య తరవాత, ఊళ్ళో కర్ఫ్యూ పెట్టారు. మంటలు, పొగ. జ్ఞాపకాల వ్యాసాల్లో ఆ వారం ఎక్కడా కనపడదు, క్యాలెండరులోంచి చింపేసినట్టు. మీ అమ్మకి తెలిసే ఉంటుంది. ఆ వారం ఇంట్లోకి పాలు ఎలా వచ్చాయో అడుగు.

అలాగే బుడమేరు. పన్నెండు పేజీల్లో కృష్ణ పేరు పాతికసార్లు, బుడమేరు ఒక్కసారీ లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు పోతున్నాయని టీవీలన్నీ డెబ్బై గేట్ల వైపే చూస్తుంటే, సింగ్‌నగర్ ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చింది ఈ ఏటి వల్ల. మా ఇంట్లో పెద్దవాళ్ళు 'అటు స్థలం కొనకండిరా, అది బుడమేరు దారి' అనేవాళ్ళు. చాదస్తం అనుకునేవాళ్ళం. పాత ఊరిని గుర్తుపెట్టుకోవడంలో ఇలాంటి పని కూడా ఒకటుంది, నిట్టూర్పుల మధ్య అది కొట్టుకుపోతోంది.

మొదటి రెండు పేజీలు తీసెయ్. అవి రాయడానికి సిద్ధపడుతూ రాసినవి. హాస్టల్ వాక్యంతో మొదలుపెట్టు. నిడివి గురించి ఆలోచించకు. ఇడ్లీ ఒక్కసారే.

వేసవిలో వస్తానన్నావు. కాలువ కట్టేశాక రా, బందరు లాకుల దగ్గర కలుద్దాం. ఈలోగా రెండో ప్రతి పంపు, పడవ లేకుండా.

ఆశీస్సులతో,
పెదనాన్న