గేర్ తగ్గించినప్పుడు కారు ఎందుకు కుదుపు ఇస్తుంది?

నాలుగో గేర్ నుంచి మూడుకో రెండుకో వచ్చిన ప్రతిసారీ కారు గట్టిగా కుదుపు ఇస్తోందని, ఇంజిన్ పాడవుతుందేమోనని భయంగా ఉందని అడిగారు. అప్పుడప్పుడూ వచ్చే కుదుపుతో టెన్షన్ పడక్కర్లేదండీ. రోజూ అలాగే నడిపితే మాత్రం క్లచ్ ప్లేటు త్వరగా అరిగిపోతుంది.

అదే వేగంలో చిన్న గేర్ వేస్తే ఇంజిన్ ఇంకా జోరుగా తిరగాలి. నాలుగులో 2000 ఆర్‌పీఎం (అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఉంటే మూడులో దాదాపు 2800, రెండులో 4000 దాకా కావాలి, కారును బట్టి కాస్త అటూ ఇటూ. మీరేమో యాక్సిలరేటర్ వదిలి క్లచ్ తొక్కారు, ఇంజిన్ వేగం ఇంకా పడిపోయింది. క్లచ్ టక్కున వదిలితే ఆ తేడా అంతా ఒక్కసారిగా సర్దుకోవాలి. కుదుపు అక్కడిదే.

అందుకే నేను ముందు బ్రేక్‌తో వేగం తగ్గించి, తర్వాతే గేర్ మారుస్తాను. క్లచ్ వదిలేటప్పుడు పట్టు దొరికే చోట కాలు ఒక్క క్షణం ఆపుతాను. ఇంజిన్ శబ్దం పైకి లేస్తుంది, అప్పుడు మిగతాది వదులుతాను. ఓవర్‌టేక్ కోసమైతే క్లచ్ తొక్కి ఉండగానే యాక్సిలరేటర్‌ని చిన్నగా తట్టి వదిలితే చాలు, గేర్ మెత్తగా కలుస్తుంది.

చేతి సంగతి కూడా చూసుకోండి. మా చెల్లికి నేర్పేటప్పుడు గమనించాను, ఐదు నుంచి నాలుగుకి వచ్చేటప్పుడు గేర్ రాడ్డుని పిడికిలితో బిగించి ఎడమకి లాగేది. అలా లాగితే నాలుగు దాటిపోయి రెండులో పడుతుంది. హైవే వేగంలో అది నిజంగా ప్రమాదం. ఇంజిన్ హద్దు దాటి తిరగకుండా ఆపే రెవ్ లిమిటర్ ఇంధనాన్ని ఆపగలదే తప్ప, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతుంటే ఏమీ చేయలేదు, వాల్వులు వంగిపోవచ్చు. రాడ్డుని న్యూట్రల్‌కి తెచ్చి పట్టు వదులు చేస్తే లోపలి స్ప్రింగే మధ్యకి తెస్తుంది, అక్కణ్ణుంచి నేరుగా వెనక్కి లాగితే నాలుగు. ఫస్ట్ గేర్ మాత్రం బండి దాదాపు ఆగాకే.

తడి రోడ్డు మీద ఇంకా నెమ్మది కావాలి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో క్లచ్ ఠక్కున వదిలితే ముందు చక్రాలు జారి స్టీరింగ్ మాట వినదు. దిగుడు రోడ్డుకైతే వాలు మొదలవకముందే చిన్న గేర్‌లోకి వచ్చేయండి, బ్రేకులు వేడెక్కి పట్టు తప్పకుండా ఉంటాయి. న్యూట్రల్‌లో ఎప్పుడూ దిగొద్దు. కేవలం గేర్‌తో వేగం తగ్గిస్తే బ్రేక్ లైటు వెలగదు కాబట్టి, వెనక బండి దగ్గరగా ఉంటే నేను బ్రేక్ పెడల్‌ని తేలికగా తాకి ఉంచుతాను.