హీట్ పంప్ ఉన్న ఇల్లు కొన్నాం, చలికాలం బిల్లు రెట్టింపైంది. దీన్ని ఎలా చూసుకోవాలి?

మీరు అడిగినదాన్ని ముందు ఒకచోట పెడతాను, తర్వాత చదివేవాళ్లకీ పనికొస్తుంది. నార్త్ కరోలినాలో, రాలీ పక్కన కేరీలో ఇల్లు కొన్నారు. గ్యాస్ మండించి గాలిని వేడిచేసే ఫర్నేస్ లేదు, హీట్ పంప్ ఒక్కటే. మొదటి చలికాలంలోనే మూడు విషయాలు కంగారు పెట్టాయి: వెంట్లలోంచి వచ్చే గాలి గోరువెచ్చగానే ఉంది, ఒకరోజు పొద్దున్నే బయట యూనిట్ మీద పొగ లేచింది, జనవరి బిల్లు డిసెంబరుకి రెట్టింపు వచ్చింది. రాత్రిళ్లు పొదుపు కోసం థర్మోస్టాట్ 60 ఫారెన్‌హీట్‌కి తగ్గించి, పొద్దున లేవగానే 70కి పెంచుతున్నామని కూడా రాశారు. చూడటానికి వచ్చిన టెక్నీషియన్ ఏడాది మెయింటెనెన్స్ ప్లాన్ తీసుకోమంటున్నాడు, తీసుకోవాలా అన్నది చివరి ప్రశ్న.

నేను ఉండేది మీ పక్కనే మోరిస్‌విల్‌లో, ఇలాంటి ఇంట్లోనే, చాలా ఏళ్లుగా. మొదటి రెండూ అసలు జబ్బులే కావు. బిల్లుకి కారణం మీరు రాసిన ఆ 60, 70 దగ్గరే ఉందని నా అనుమానం.

హైదరాబాద్‌లో ఇంట్లో స్ప్లిట్ ఏసీ లోపలి వేడిని తీసుకెళ్లి బయట పారేస్తుంది కదా. హీట్ పంప్ కూడా ఆ ఏసీయే, కాకపోతే రివర్సింగ్ వాల్వ్ అని ఒకటి అదనంగా ఉంటుంది. చలికాలం అది ఏసీ గ్యాస్ వెళ్లే దారిని తిప్పేస్తుంది, దాంతో బయటి గాలిలో ఉన్న వేడి లోపలికి వస్తుంది. చలిగాలిలో కూడా వేడి ఉంటుంది, దాన్ని లాగడమే దీని పని. వేడిని పుట్టించకుండా మోసుకొస్తుంది కాబట్టే 1 యూనిట్ కరెంటుకి 2 నుంచి 4 యూనిట్ల వేడి ఇవ్వగలదు. చలి ముదిరేకొద్దీ ఆ లెక్క తగ్గుతూ వస్తుంది. ఫర్నేస్ గాలి 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి వస్తే దీని గాలి సుమారు 85 నుంచి 95 మధ్య ఉంటుంది. అది మన ఒంటి వేడి కంటే తక్కువ కాబట్టి వెంట్ దగ్గర చెయ్యి పెడితే చల్లగానే తోస్తుంది. చెయ్యి చెప్పేది నమ్మకండి. ఇల్లు మీరు అడిగిన డిగ్రీకి చేరి అక్కడ నిలబడుతోందా లేదా అన్నదే చూడండి. గట్టి చలిలో గంటల తరబడి ఆగకుండా నడిచినా టెన్షన్ పడక్కర్లేదు, అలా నిదానంగా నడవడమే దానికి మంచిది.

ఆ పొగ నిజానికి ఆవిరి. బయట 30ల్లో ఉండి గాలిలో తేమ ఉన్నప్పుడు బయటి కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి మిషన్ కాసేపు తనంతట తానే ఏసీ మోడ్‌లోకి వెళ్లి ఇంట్లోని వేడిని బయటి కాయిల్‌కి పంపుతుంది. బయటి ఫ్యాన్ ఆగిపోతుంది, బుస్సుమని చప్పుడు వస్తుంది, తెల్లగా ఆవిరి లేస్తుంది, సాధారణంగా 10 నిమిషాల లోపే మళ్లీ ఫ్యాన్ తిరుగుతుంది. దీన్నే డీఫ్రాస్ట్ అంటారు. పక్కింటివాళ్లు కొత్తవాళ్లయితే వాళ్లకీ ఒక మాట చెప్పి ఉంచండి, 911కి ఫోన్ చేసేస్తారు. యూనిట్ మొత్తం, పై గ్రిల్‌తో సహా, గడ్డకట్టి గంటలు గడిచినా కరగకపోతే మాత్రం డీఫ్రాస్ట్ పనిచేయట్లేదని అర్థం. అప్పుడు థర్మోస్టాట్‌ని ఎమర్జెన్సీ హీట్‌కి (కరెంటు హీటర్లతోనే నడిచే మోడ్) మార్చి మనిషిని పిలవండి. స్క్రూడ్రైవర్‌తో మంచు పొడవొద్దు, కాయిల్‌కి చిల్లు పడితే గ్యాస్ మొత్తం పోతుంది.

ఇక బిల్లు. మీ ఎయిర్ హ్యాండ్లర్, అంటే ఇంట్లోకి గాలి తోసే లోపలి యూనిట్‌లో, గీజర్‌లో ఉండేలాంటి కరెంటు హీటర్ స్ట్రిప్‌లు ఉంటాయి. థర్మోస్టాట్ మీద ఆక్స్ హీట్ అని కనిపిస్తే వెలుగుతున్నవి అవే. 10 కిలోవాట్ల స్ట్రిప్ గంటసేపు వెలిగితే 10 యూనిట్లు ఖర్చు. మరీ గడ్డకట్టే చలి కాకపోతే అంతే వేడిని కంప్రెసర్ 3, 4 యూనిట్లలో ఇచ్చేస్తుంది. చాలా థర్మోస్టాట్‌లలో గది ఉష్ణోగ్రతకీ మనం అడిగినదానికీ 2, 3 డిగ్రీల తేడా రాగానే, హీట్ పంప్ ఒక్కటే సరిపోదనుకుని, ఆక్స్‌ని కూడా పిలుస్తుంది. పొద్దున్నే 60 నుంచి 70కి ఒక్కసారిగా పెంచితే పది డిగ్రీల తేడా. అదీ రోజులో అన్నిటికంటే చలిగా ఉండే వేళ. రాత్రంతా చేసిన పొదుపు అక్కడే పోతుంది. ఫర్నేస్ ఉన్న ఇళ్లలో రాత్రి బాగా తగ్గించడం మంచి అలవాటే, ఆఫీసులో అమెరికన్ మిత్రులు చెప్పేది అదే. హీట్ పంప్‌కి ఆ సలహా పనికిరాదు.

కాబట్టి 68 దగ్గర పెట్టి వదిలేయండి. రాత్రి తగ్గించాలనిపిస్తే 2 డిగ్రీలు, అంతకు మించి వద్దు. ఊరికి వెళ్లి తిరిగొచ్చినప్పుడు ఒక్కొక్క డిగ్రీ చొప్పున పెంచుకుంటూ రండి. స్మార్ట్ థర్మోస్టాట్ అయితే ఇంకా సులువు: ఎకోబీలో బయట ఎన్ని డిగ్రీల పైన ఆక్స్ వెలగకూడదో మనమే పెట్టొచ్చు, నెస్ట్‌లో హీట్ పంప్ బ్యాలెన్స్ అని ఉంటుంది, దాన్ని పొదుపు వైపు జరపండి. ఆక్స్ వెలగకూడని ఆ హద్దు నేను 35 దగ్గర పెట్టాను, ఇబ్బందేం లేదు. యాప్‌లో ఆక్స్ రోజుకి ఎంతసేపు నడిచిందో కనిపిస్తుంది, చలికాలంలో నేను చూసే అంకె అదొక్కటే. బయట 45 డిగ్రీలున్న రోజున, డీఫ్రాస్ట్ కూడా లేకుండా, ఆక్స్ గంటలకొద్దీ నడుస్తుంటే నిజంగానే ఏదో తేడా ఉంది. ఎమర్జెన్సీ హీట్‌ని మాత్రం చలి ఎక్కువైందని వేయకండి. అది కంప్రెసర్‌ని పూర్తిగా పక్కన పెట్టి స్ట్రిప్‌ల మీదే ఇల్లంతా నడుపుతుంది. మిషన్ పాడైన రోజుకే అది.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే ఇంకో సంగతి. చలేస్తోందని 78 పెట్టేస్తారు, వాళ్లని ఏమనగలం! వాళ్ల గదికి 1500 వాట్ల ఆయిల్ హీటర్ ఒకటి కొని, ఎక్స్‌టెన్షన్ కార్డ్ లేకుండా నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి. ఇల్లంతటికీ 10 కిలోవాట్లు వెలిగించడం కంటే అదే చవక, పెద్దవాళ్లకీ హాయిగా ఉంటుంది.

మీ చేతిలో ఉన్న అసలు పని గాలికి అడ్డు లేకుండా చూడటం. లోపల ఫిల్టర్ ఉంటుంది, 1 అంగుళం మందంది అయితే నెలకోసారి తీసి చూడండి. ప్యాకెట్ మీద మూడు నెలలు అని రాసినా మన ఇళ్లలో అంతకాలం ఉండదు. పోపుల పొగ, వేపుళ్ల నూనె ఆవిరి, దేవుడి దగ్గర అగరొత్తులు, సాంబ్రాణి, అన్నీ దాని మీదికే చేరతాయి. వంట చేసేటప్పుడు చిమ్నీ ఫ్యాన్ వేయడం కూడా హీట్ పంప్ మెయింటెనెన్సే, అది బయటికి వదిలే రకమైతే. మంచిదని మెర్వ్ 13 ఫిల్టర్ కొంటారు చాలామంది (మెర్వ్ అంటే ఫిల్టర్ ఎంత సన్నని దుమ్ము పడుతుందో చెప్పే అంకె). 1 అంగుళం చట్రంలో అంత దట్టమైనది పెడితే గాలి సరిగా ఆడదు, అక్కడ మెర్వ్ 8 చాలు. అలర్జీలుండి 13 కావాలంటే 4 అంగుళాల ఫిల్టర్ పట్టే పెట్టె పెట్టించుకోండి. కొన్ని ఇళ్లలో సీలింగ్ గ్రిల్‌లో ఒకటి, ఎయిర్ హ్యాండ్లర్ దగ్గర ఇంకొకటి ఉంటాయి, రెండుచోట్లా పెట్టకండి. వాడని గదుల వెంట్లు మూసేయడం కూడా వద్దు.

బయట యూనిట్ చుట్టూ 2 అడుగులు ఖాళీ ఉండాలి. పొదలు, పైన్ ఆకులు, లాన్ కోసినప్పుడు ఎగిరే గడ్డి, ఇవన్నీ కాయిల్‌కి అంటుకుంటాయి. వేసవిలో కరివేపాకు కుండీలు దాని చుట్టూ పేర్చేవాళ్లని చూశాను, ఆ వేడిగాలికి మొక్కా బాగుండదు, మిషనూ బాగుండదు. మన దగ్గర మార్చి చివర నుంచి ఏప్రిల్ దాకా కార్లన్నీ పసుపు పూసినట్టు చేసే పైన్ పుప్పొడి ఉంది చూశారూ, అది తగ్గాక యూనిట్‌ని ఒకసారి కడగడం నాకు అలవాటు. ముందు థర్మోస్టాట్ ఆఫ్ చేసి, గోడ మీదున్న డిస్‌కనెక్ట్ పెట్టె (యూనిట్‌కి కరెంటు ఆపేది) తెరిచి లోపలి ప్లగ్ లాగేసి, మామూలు తోట పైపుతో మెల్లగా నీళ్లు కొట్టాలి. ప్రెషర్ వాషర్ వాడితే రేకులు వంగిపోతాయి. పక్క ప్యానెల్ మాత్రం విప్పకండి. లోపల 240 వోల్టులు, పైగా కెపాసిటర్ కరెంటు తీసేశాక కూడా చార్జి పట్టుకుని ఉంటుంది. చలికాలం కవర్ కప్పడం ఏసీకి సరేనేమో గానీ, ఇది చలికాలం కూడా నడుస్తుంది, కప్పకూడదు. చూరు నీళ్లు దాని మీద కారుతుంటే గట్టర్ బాగు చేయించండి, ఐస్ స్టార్మ్‌లో ఆ కారే నీళ్లే పైన గడ్డకడతాయి. ఇక్కడి ఫైర్ యాంట్స్, ఆ ఎర్రచీమలు, కాంటాక్టర్ అనే కరెంటు స్విచ్‌లోకి దూరి చచ్చి మిషన్ ఆపేస్తాయి కూడా. దిమ్మె చుట్టూ చీమల మందు వేసి ఉంచండి.

వేసవికి సంబంధించింది ఒకటి. ఎయిర్ హ్యాండ్లర్ అటకమీద ఉంటే, నీళ్లు బయటికి పోయే పీవీసీ గొట్టంలో నాచు పట్టి, పూడుకుపోయి, సీలింగ్ మీద మరక పడుతుంది. ఏసీ వాడే నెలల్లో మూత తీసి ఒక కప్పు తెల్ల వెనిగర్ పోస్తుంటే సరిపోతుంది. జూలైలో ఏసీ ఉన్నట్టుండి ఆగిపోతే ముందు కింది ట్రేలో నీళ్లున్నాయేమో చూడండి. నీళ్లు నిండితే మిషన్‌ని ఆపే ఫ్లోట్ స్విచ్ ఆపేసి ఉంటుంది. గొట్టం బయటి కొసకి వెట్-డ్రై వాక్యూమ్ పెట్టి లాగితే చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది, సర్వీస్ చార్జీ మిగులుతుంది.

మెయింటెనెన్స్ ప్లాన్ విషయానికొస్తే, ఏడాదికి ఒకసారి తెలిసినవాడు చూడటం మంచిదే, చలి మొదలవకముందు అక్టోబరులో. రెండు విజిట్లు ఉండే ప్లాన్ ధర విడిగా పిలిచే ఖర్చుకి దగ్గరగా ఉంటే తీసుకోండి. వచ్చినవాడు ఏం కొలిచాడో కాగితం మీద రాయించుకోండి: కెపాసిటర్ ఎన్ని మైక్రోఫారడ్లు చూపించింది, స్ట్రిప్‌లు ఎన్ని ఆంపియర్లు లాగుతున్నాయి, లోపలికి వెళ్లే గాలికీ వచ్చే గాలికీ ఉష్ణోగ్రతలో తేడా ఎంత. అంకెలు లేకుండా అంతా ఓకే అని సంతకం పెట్టే విజిట్‌కి డబ్బు దండగ.

గ్యాస్ తగ్గింది, కొంచెం నింపాలి అంటే అక్కడ ఆగండి. అది మూసి ఉన్న వ్యవస్థ, వాడుకతో తరిగిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉంది, ఎక్కడో చూపించమనండి. మా ఇంట్లో ఒకాయన అలాగే గ్యాస్‌కి పెద్ద అంచనా రాసిచ్చాడు. వేరేవాళ్లని పిలిస్తే గ్యాస్ సరిగ్గానే ఉంది, కెపాసిటర్ నీరసించిపోయింది. అది మార్చాక ఇప్పటికీ అదే మిషన్ నడుస్తోంది. అలాగే, మీ గ్యాస్ బ్యాన్ అయింది, యూనిట్ మార్చాలి అనే మాట కూడా వినిపిస్తుంది. అందులో సగమే నిజం. 2025 జనవరి 1 నుంచి ఇళ్లకి కొత్తగా తయారుచేసే యూనిట్లలో ఆర్-410ఏ వాడటం ఆపారు, వాటిలో ఆర్-454బీ, ఆర్-32 వస్తున్నాయి. ఇప్పటికే ఉన్న 410ఏ మిషన్‌ని రిపేరు చేయించుకుని నిక్షేపంగా వాడుకోవచ్చు. స్టిక్కర్ మీద ఆర్-22 అని ఉంటే కథ వేరు. దాని తయారీ, దిగుమతి 2020 జనవరి 1తోనే ఆగిపోయాయి, లీక్ వస్తే కొత్తది కొనడమే నయం.

ఇల్లు కొత్తగా కొన్నారు కాబట్టి వారంటీ మీ పేరు మీదకి మారుతుందేమో తయారీ కంపెనీ సైట్‌లో ఇప్పుడే చూడండి, కొన్నిటికి గడువు ఉంటుంది. బయట యూనిట్ స్టిక్కర్ మీద గ్యాస్ పేరు, తయారైన ఏడాది, ఎయిర్ హ్యాండ్లర్ మీద స్ట్రిప్ కిలోవాట్లు ఉంటాయి. ఆ మూడూ, జనవరిలో ఆక్స్ నడిచిన గంటలూ ఇక్కడ కామెంట్‌లో పెట్టండి. బిల్లులో ఎంత భాగం స్ట్రిప్‌లది, ఎంత మామూలు చలిదో లెక్క వేసి చెప్తాను.