చరిత్ర డిగ్రీ తర్వాత కంప్యూటర్ పీజీ: మూడు నెలల్లో ఏం చదవాలి?

చరిత్రలో డిగ్రీ చేసి కంప్యూటింగ్ పీజీలో చేరుతున్నాను, మూడు నెలల టైమే ఉంది, లెక్కలంటే భయం అన్నారు కదా. టెన్షన్ పడకండి. మీది కన్వర్షన్ కోర్సయితే అది వేరే సబ్జెక్టుల నుంచి వచ్చేవాళ్ల కోసం పెట్టిందే. మామూలు ఎమ్మెస్సీ అయితే మాత్రం ప్రోగ్రామింగ్ వచ్చనుకునే పాఠం మొదలుపెడతారు, సిలబస్ ఒకసారి చూసుకోండి.

ఈ మూడు నెలలూ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఒక్కటే పట్టుకోండి. వీడియోలు చూస్తూ కూర్చోకుండా రోజూ గంటసేపు మీరే టైప్ చేయండి. ఉదాహరణకి, అక్షరక్రమంలో ఉన్న 1000 పేర్లలో ఒకటి వెతకాలి. మొదటి నుంచి చూస్తే 1000 సార్లు పోల్చాల్సి రావచ్చు. మధ్య పేరు చూసి, అక్కర్లేని సగాన్ని వదిలేస్తూ పోతే 10 సార్లలోపే తేలిపోతుంది. దీన్ని సొంతంగా రాయండి. మధ్య స్థానం లెక్క ఒకటి అటూ ఇటూ అయితే ప్రోగ్రామ్ ఆగకుండా తిరుగుతూనే ఉండిపోవచ్చు. ఆ తప్పు మీరే పట్టుకున్న రోజు సగం భయం పోతుంది.

లెక్కల్లో ముందు సెట్లు, లాజిక్, లాగరిథమ్ చూడండి. 1000ని సగం చేస్తూ పోతే సుమారు 10 సార్లలో 1కి చేరుతుంది, ఆ లెక్కే లాగరిథమ్. పైన ఆ 10 వచ్చింది దాని వల్లే. మెషీన్ లెర్నింగ్ (డేటా చూసి కంప్యూటరే నేర్చుకునే పద్ధతి) తీసుకుంటే మాట్రిక్సులు, ప్రాబబిలిటీ కూడా కావాలి.

అన్నట్టు, ఆధారాలు వెతికి పద్ధతిగా రాయడం మీకు ముందే వచ్చు. చివర్లో ప్రాజెక్ట్ రిపోర్టు రాసేటప్పుడు అది చాలా కలిసొస్తుంది.