గార్డ్ తీసేసిన గ్రైండర్‌తో పని చేయొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడు గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపులో పనికి కుదిరాడు. అక్కడ ఇనుము కోసే, అరగదీసే నాలుగంగుళాల చేతి గ్రైండర్‌కి గార్డ్ (తిరిగే వీల్‌ని సగం కప్పే మూత) తీసేసి, లావు పైపులు కోయాలంటే ఏడంగుళాల వీల్ బిగిస్తారట. అడిగితే అందరూ అలాగే చేస్తారంటాడు. నాకేమో ఒకటే టెన్షన్. నిజంగా అంత ప్రమాదమా?
– ఒక అక్క, తెనాలి

జవాబు: ప్రమాదమేనమ్మా, ఇవాళే మాన్పించండి. ఆ చిన్న మిషన్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. ఏడంగుళాల వీల్ మీద గరిష్ఠంగా ఎన్ని చుట్లని రాసి ఉందో మీ తమ్ముడినే చదవమనండి, సాధారణంగా 8,500 దగ్గర్లో ఉంటుంది. అది దాటితే వీల్ ఎప్పుడు పగులుతుందో ఎవరూ చెప్పలేరు. పరిమితి లోపలే తిరిగినా దాని అంచు వేగం సెకనుకు 80 మీటర్ల దాకా, అంటే గంటకు 288 కిలోమీటర్లు ఉంటుంది, పగిలిన ముక్క అదే ఊపులో మొహం మీదికొస్తుంది. దానికి అడ్డుండేది గార్డ్ ఒక్కటే, వీళ్లు తీసి మూలన పడేసింది దాన్నే!

ఇంకోటి, నాలుగంగుళాల వీల్ రంధ్రం 16 మిల్లీమీటర్లు, ఏడంగుళాలది 22 పైచిలుకు. చిన్న మిషన్‌కి అది వదులు, అందుకే టేపు చుట్టో వాషర్ పెట్టో సరిపెడతారు. వీల్ పక్కకి జరిగి మిషన్ చేతిలో వణుకుతుంది. అలా సరిపెట్టాల్సి వచ్చిందంటేనే అది ఆ మిషన్‌కి చేసిన వీల్ కాదు.

గార్డ్ ఉంటే మూలల్లోకి పోదని ఓనర్ అంటాడు, అది నిజమే, కానీ గార్డ్ తీయక్కర్లేదు, వదులు చేసి తిప్పుకోవచ్చు, మూసిన వైపు మనిషి వైపుకి ఉండాలంతే. లావు పైపులకి చాప్ సా (స్టాండ్‌కి బిగించి ఉండే కోత మిషన్) గానీ అసలైన ఏడంగుళాల మిషన్ గానీ కొనమనండి. వీల్ మధ్యలో ఇనుప రింగు మీద గడువు నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి. గడువు దాటినవి, తడిసినవి, కింద పడినవి వాడకూడదు. పల్చటి కటింగ్ వీల్ పక్క భాగంతో వెల్డింగ్ అతుకులు రుద్దడం కూడా చాలా షాపుల్లో చూస్తాం, అది అస్సలు వద్దు, పక్క ఒత్తిడికి అది తట్టుకోదు.

కొత్త వీల్ బిగించాక ఒక నిమిషం పక్కకి తిప్పి పట్టుకుని ఖాళీగా తిరగనివ్వాలి. పైపు కోసేటప్పుడు రెండు వైపులా ఆధారం పెడితే కోత మూసుకుపోయి వీల్‌ని పట్టేస్తుంది, మిషన్ ఎగిరి మీద పడుతుంది, అందుకే తెగిపోయే ముక్క కిందికి వాలేలా పెట్టుకోవాలి. రెండు చేతులతోనే పట్టుకోవాలి. మెడలో కండువా, దారాలు వేలాడే గ్లౌజులు వద్దు.

కళ్లద్దాలు ఉన్నా పైన ఫేస్ షీల్డ్ పెట్టుకోవాలి. కంట్లో ఇనుప రజను పడితే తోటి పనివాడు రుమాలు కొసతోనో అయస్కాంతంతోనో తీయడం మామూలే, అలా మాత్రం తీయనివ్వకండి. ఇనుము కంట్లో ఉండిపోతే చుట్టూ తుప్పు పడుతుంది, నలపకుండా అదే రోజు కంటి డాక్టర్‌కి చూపించండి.